బురైదా నారింజ చెట్లకు నేను పెట్టిన దాహం

గడ్డకట్టే చలి నుంచి నారింజ తోటను ఒంటిచేత్తో కాపాడిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి. సౌదీలో బురైదా చుట్టుపక్కల తోటలన్నీ ఒక్క తెల్లవారుజామున మాడిపోయి, యజమానులు నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చున్న రోజున, మా తోటలో సగం పచ్చగా నిలబడి ఉంది. ఆ సగాన్ని నిలబెట్టింది నేనే.

ఈ మాట నేను మా ఊరి టీ అంగట్లో చెప్పాను. పెళ్లి పందిళ్లలో చెప్పాను. బస్సులో పక్క సీటు వాడికి చెప్పాను. చివరికి కంటి ఆసుపత్రిలో చుక్కల మందు వేయించుకుని కళ్లు మూసుకుని వరుసగా కూర్చున్న వాళ్లకు కూడా చెప్పాను. వాళ్లు లేచి పోలేరు కదా. ఇన్నేళ్లుగా చెప్పి చెప్పి మాట నునుపు దేలింది. ఇప్పుడు మీ కోసం, అంటే వీసా చేతికొచ్చిందో రాబోతుందో అని ఎదురుచూసే కుర్రవాళ్ల కోసం, దాన్ని కాగితం మీద పెడదామని కూర్చున్నాను. తీరా కూర్చున్నాక చెయ్యి సాగడం లేదు. నోటితో చెప్పేటప్పుడు ఎదుటివాడి ముఖం చూసి కాస్త పెంచుకుంటూ పోవచ్చు. కాగితానికి ముఖం ఉండదు.

సరే, మొదటి నుంచి వస్తాను.

మాది అనంతపురం వైపు. చీనీ తోటల సీమ, చీనీ అంటే బత్తాయి. బాబాకు, అంటే నా కఫీల్‌కు, మా ఇంటి తోట గుర్రం మీద తిరిగి చూడాల్సినంత ఉండేదని చెప్పాను. కఫీల్ అంటే మన వీసాకు పూచీ ఉండే యజమాని. మన పాస్‌పోర్టూ ఆయన బీరువాలోనే ఉండేది. ఆయన వయసులో పెద్దవాడు కాబట్టి పనివాళ్లందరం బాబా అని పిలిచేవాళ్లం. నిజానికి మా తోట ఒక మూల నుంచి పిలిస్తే ఇంకో మూల పలికేంత ఉండేది. బోరు ఎండిపోయి, చెట్లు కళ్ల ముందే కట్టెలైతే, వాటిని కొట్టి పొయ్యిలోకి అమ్ముకుని నేను విమానం ఎక్కాను. ఈ సంగతి మాత్రం బాబాకు చెప్పలేదు. చెట్లను చంపుకుని వచ్చినవాడికి చెట్లు ఎవరప్పగిస్తారు?

బాబా తోట బురైదా ఊరి బయట ఉండేది. చుట్టూ ఎటు చూసినా ఖర్జూరం. ఆ ఖర్జూరాల మధ్య ఈయనొక్కడే నారింజ పెట్టుకుని కూర్చున్నాడు. వాళ్ల నాన్న నాటిన చెట్లవి. పిల్లప్పుడు ఆ చెట్ల కిందే ఖురాన్ చదువుకున్నానని చెప్పేవాడు. కాపు మాత్రం ఏటేటా పలచబడుతూ వచ్చింది. రియాద్‌లో ఉద్యోగాలు చేసుకునే కొడుకులు శుక్రవారం వచ్చి, తోట నడుమ నిలబడి, ఫోనులో ఖర్జూరం ధరలు చూపించి పోయేవాళ్లు.

ఆ ఏడు చలికాలానికి ముందు బాబా మమ్మల్ని ఇద్దరినీ పిలిచాడు. ఇద్దరం అంటే నేనూ, జగిత్యాల తమ్ముడూ. అతను మోటారు చూసేవాడు, కాలువలు తిప్పేవాడు, బండి నడిపేవాడు. నాకన్నా బాగా చిన్నవాడు. అంతకుముందు ఒకసారి వేరే గల్ఫ్ దేశానికి పోయి, ఏజెంటు మోసంతో నెలలు తిరక్కుండానే వెనక్కి వచ్చినవాడు. రెండోసారి కూడా ఊరికే తిరిగొస్తే ఊళ్లో తలెత్తుకోలేనని నాతో ఎన్నోసార్లు అన్నాడు.

బాబా చెప్పింది తేలికగా అర్థమయ్యే మాటే. వచ్చే వసంతంలో పూత చూస్తాను. పూస్తే తోట ఉంటుంది, మీరూ ఉంటారు. పూయకపోతే ఖర్జూరం వేస్తాం. అప్పుడు మీ ఇద్దరికీ ఖురూజ్. ఖురూజ్ అంటే, ఇక మీతో పని లేదు, మీ దేశం పొమ్మని ముద్ర వేసి ఇచ్చే కాగితం.

జగిత్యాల తమ్ముడు నేల చూపులు చూస్తున్నాడు. నేను మాత్రం ఛాతీ విరుచుకున్నాను.

మా వైపు చీనీ చెట్టుకు దాహం పెట్టడం ఒక విద్య. బెట్టకు వదలడం అంటాం. చలికాలం మొదట్లో నీళ్లు పూర్తిగా ఆపేస్తాం. పాదులు తవ్వి, గడ్డి గీకి, మట్టి తిరగేసి వేళ్లకు గాలి తగిలేట్టు చేస్తాం. ఆకు వాలిపోతుంది, కొంత రాలుతుంది. చూసేవాడికి తోట చచ్చిందనిపిస్తుంది. అప్పుడు ఎరువేసి ఒక్కసారిగా నీళ్లు వదిలితే, ఇక చావేనని బెదిరిన చెట్టు ఒళ్లంతా పూత వేస్తుంది. ఆ వాసన రోడ్డు మీద బస్సులో పోయేవాడిక్కూడా తగులుతుంది. ఇందులో నేను అబద్ధం చెప్పడం లేదు, మా వైపు ఏ రైతునైనా అడగండి.

నాకొచ్చిన గల్ఫ్ అరబ్బీలో బాబాకు చెప్పాను. "బాబా, మోయా మాఫీ. బాదేన్ వర్ద్ వాజిద్." ఇప్పుడు నీళ్లు లేవు, తర్వాత పూలే పూలు అని.

బాబా గడ్డం గోక్కున్నాడు. వాళ్ల నాన్న అలా చేసేవాడు కాదన్నాడు. "హింద్‌లో అందరూ ఇంతే బాబా," అన్నాను. హింద్ అంతా ఇంతేనా కాదా నాకు తెలియదు. నాకు తెలిసిన హింద్ అనంతపురం నుంచి కడప దాకా.

తోట నడుమ బండి బాట ఒకటి ఉండేది. బాటకు పడమటి సగం నేను చూసేవాణ్ణి, తూర్పు సగం తమ్ముడు. నా సగంలో ఆ రోజే కాలువ మూసేశాను. పాదులు తవ్వి గడ్డి పరక లేకుండా గీకించాను. పొరుగు మజ్రా, అంటే పక్క పొలం నుంచి మేకల కాపరి వచ్చి చూసి, ఎవరైనా చచ్చారా ఇన్ని గుంతలు తవ్వుతున్నారని అడిగాడు.

తమ్ముడి సగం మాత్రం తడిగా ఉండేది. ఎందుకంటే చెట్ల సందుల్లో అతను మెంతికూర, కొత్తిమీర, పాలకూర మళ్లు పెట్టాడు. శుక్రవారం నాడు బురైదాలోని మనవాళ్ల గదులకు కట్టలు కట్టి తీసుకుపోయేవాడు. బాబా ఇంట్లో వాళ్లు కూడా తెప్పించుకునేవాళ్లు. ఆ మళ్ల మీదుగా పారిన నీళ్లు పాదుల్లోకి పోయేవి.

నేను అతని మీదికి పోయాను. "ఏందిబ్బా ఇది? బాబా ముందర నీళ్లు ఆపుతామని చెప్పి, నువ్వు ఈడ చెరువు కడ్తాండావే?"

"చెట్లకు పెడ్తలేనన్నా. కూరకు పెడ్తున్న."

"నీళ్లకు తెలుస్తాదా యాది కూరో, యాది చెట్టో?"

"చెట్టు దూపతోని ఎండుతుంటే చూడబుద్ది కాదన్నా నాకు. మా దిక్కు వరి. మడి నెర్రెలిచ్చిందంటే ఇంట్ల అన్నం దిగది."

"వరి, చీనీ ఒకటేనంటావా? పూత రాకపోతే ఇద్దరం కలిసి పోతాం విమానంలో. కిటికీ సీటు నువ్వే తీసుకో."

అతను నవ్వాడు. "పోతే పోదాం గని, గీ మెంతికూర కోసుకుపో. పప్పుల ఏస్కో," అని ఒక కట్ట నా చేతిలో పెట్టాడు. నేను తీసుకున్నాను. ఆ పూట పప్పు బాగుంది. మర్నాడు మళ్లీ పోయి తిట్టాను.

చలి ఎక్కువవుతూ వచ్చింది. ఆ దేశంలో ఎండే తప్ప చలి ఉండదనుకునే వాళ్లున్నారు మీలో. ఉత్తరాన్నుంచి గాలి తిరిగిందంటే బురైదా ఉన్న కసీమ్ సీమలో రెండు కంబళ్లు కప్పుకున్నా పళ్లు కొట్టుకుంటాయి. మా వైపు చలి అంటే ఒక చొక్కా ఎక్కువ వేసుకోవడం. నాకు తెలిసిన చలి అదే, నా విద్య పుట్టింది ఆ చలిలోనే.

ఒక మధ్యాహ్నం బాబా ఇంట్లో పనిచేసే పాలకొల్లు ఆవిడ రొట్టెలు పట్టుకుని తోట గేటు దగ్గరికి వచ్చింది. ఇంటి పెద్దావిడను మేమంతా మామా అనేవాళ్లం. అరబ్బు ఇళ్లలో యజమానురాలిని అలాగే పిలుస్తారు.

"బాబాయ్‌గారండీ, మామా ఒక మాట చెప్పమన్నారండి. పెద్ద చలి వస్తోందంటండి, ఫోన్లో వచ్చిందంట. చెట్లకు నీళ్లు పెట్టమంటున్నారు. వాళ్ల పుట్టింట్లో చలి ముందు తోటంతా తడిపేవారంటండి. తడి నేల వెచ్చగా ఉంటదంట."

"మామా ఎప్పుడన్నా పార పట్టిండాదా అమ్మా?"

"నాకేం తెలుసండి. చెప్పమన్నారు, చెప్పాను."

"నీళ్లు పెడితే చలి ఇంకా ఎక్కువైతాది గానీ తగ్గుతాదా? తడి గుడ్డ కప్పుకుంటే నీకు వెచ్చగుంటాదా చెప్పు."

ఆవిడ రొట్టెలు గోడ మీద పెట్టింది. "నాకు వంటింట్లో బోలెడు పనుందండి. మీ గుడ్డలూ మీ చెట్లూ మీరే చూస్కోండి," అని వెళ్లిపోయింది.

నేను ఇంతకాలం ఈ కథ చెప్పేటప్పుడు ఈ ఘట్టం చెప్పలేదు. చలి సంగతి మాకెవరూ చెప్పలేదనేవాణ్ణి.

మామా చెప్పిందే నిజమని తర్వాత ఎరువుల అంగట్లో ఒక ఈజిప్టు ఆయన నాకు విడమరిచి చెప్పాడు. తడిసిన నేల పగలు ఎండను దాచుకుని, చలివేళ మెల్లగా వదులుతుందట. ఎండిన నేల, అందులోనూ తవ్వి గుల్ల చేసిన నేల, ఏమీ దాచుకోలేదట. ఇంకో సంగతి విని నేను ఆ అంగట్లోనే బస్తా మీద కూలబడ్డాను. మా వైపు చలి లేదు కాబట్టి చెట్టును దాహంతో బెదిరిస్తాం. అక్కడ ఆ పని చలే చేస్తుంది. నీళ్లు ఆపాల్సిన అవసరమే లేదు.

ఆ రోజు సంగతికి వస్తాను. తెల్లవారుతుండగా గది బయటికి వస్తే మేకల నీళ్ల తొట్టి మీద గాజుపలకలా మంచు కట్టి ఉంది. వేలితో గుచ్చితే పగల్లేదు. నీళ్ల పైపు కట్టెలా బిగుసుకుపోయింది. నా సగంలోకి పోయి ఒక ఆకు పట్టుకుంటే చిటుక్కున విరిగింది.

భయం వేస్తే బుర్ర పని చేయదు, కాళ్లూ చేతులూ పనిచేస్తాయి. మామిడి తోటల్లో పొగ పెట్టడం చూసి ఉన్నాను. షెడ్డు వెనక పాత టైర్లు ఉంటే దొర్లించుకొచ్చి డీజిల్ పోసి అంటించాను. నేను ఈ ఘట్టం చెప్పేటప్పుడు మంటల మధ్య పరుగెత్తేవాణ్ణి, చెట్టుకు చెట్టుకు కాపలా కాసేవాణ్ణి. జరిగిందేమంటే, నల్లటి పొగ నిటారుగా పైకి లేచి, కాస్త పైన గాలికి ఒంగి, తోటను వదిలేసి నేరుగా బాబా ఇంటి మిద్దె మీదికి పోయింది. అక్కడ తీగ మీద ఆరేసిన ఆయన తెల్లటి తోబులు, అంటే కాళ్లదాకా వేసుకునే పొడుగు చొక్కాలు, అన్నీ నల్లబడ్డాయి. పొరుగు మేకల కాపరి కంబళి ముఖానికి అడ్డం పెట్టుకుని, "అరే చాచా, క్యా హువా, బకరీ మర్ జాయేగా," అని, మేకలు చచ్చేట్టున్నాయని కేకలు పెట్టాడు. పొద్దెక్కాక నా సగంలో ఆకులన్నీ ఉడకబెట్టినట్టు నల్లగా వేలాడాయి.

బాట దాటి తూర్పు సగంలోకి పోయాను. చివర ఆకులు కొన్ని కమిలాయి. మెంతికూర పైన కాస్త వాలింది. చెట్లు మాత్రం పచ్చగా ఉన్నాయి. తమ్ముడు మళ్ల మధ్య గొంతుక్కూర్చుని మట్టిలో చెయ్యి పెట్టి చూస్తున్నాడు.

"అన్నా, చెయ్యి పెట్టి చూడు. లోపల ఎచ్చగుంది."

నేను పెట్టలేదు.

బాబా వచ్చాడు. నల్లబడ్డ తోబే వేసుకుని వచ్చాడు, మార్చుకునే ఓపిక కూడా లేక. నా సగంలో నడిచి, చెట్టు చెట్టునూ తాకి, బాట దాటి తూర్పుకు వెళ్లాడు. మళ్లీ బాట మీదికి వచ్చి నిలబడ్డాడు. అటు నలుపు, ఇటు పచ్చ. ఇదెలా అని అడిగాడు. కోపంగా కూడా అడగలేదు. తెలుసుకుందామని అడిగాడు.

తమ్ముడు నోరు తెరవబోయాడు. నేను ముందే అందుకున్నాను. "బాబా, నేనే చెప్పాను ఇటు నీళ్లు పెట్టమని. సగం ఇలా, సగం అలా. పరీక్ష. లేకపోతే మొత్తం పోయేది." ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. అరబ్బీ అంత బాగా నాకు అంతకుముందు రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

తమ్ముడు నా వైపు చూశాడు. అతని చేతులకు తడి మట్టి ఉంది. బాబా ఇద్దరినీ చూసి తల ఊపి వెళ్లిపోయాడు. నేను కాపాడిన సగం తోట కథ ఇదీ.

ఆ వారం బురైదా మార్కెట్లో ధరలు లేచి కూర్చున్నాయి. ఒక్క నారింజే కాదు, టమోటా, దోస, ఆకుకూరలు అన్నీ. అంతకుముందు మా కాయ వైపు చూడని దళారి పొద్దున్నే గేటు ముందు బండి ఆపి, నన్ను "సదీక్, సదీక్" అని, స్నేహితుడా అని పిలవడం మొదలెట్టాడు. ధర పెరిగితే పండించేవాడికి పండగ అని మీరు చదువుకుని ఉంటారు. ధర పెరిగిందే మా దగ్గర కాయ లేక. కాయ ఉన్న ఏడు మమ్మల్ని గేటు బయటే నిలబెట్టిన మార్కెట్, కాయ పోయిన ఏడు పేరు పెట్టి పిలిచింది.

నా సగంలో కాయలు పైకి బాగానే కనబడేవి. చలి తగిలిన కాయ వెంటనే చెడదు, నవ్వుతూనే ఉంటుంది. కొడుకులు ఆదరాబాదరా వచ్చి, ధర ఉన్నప్పుడే అన్నీ కోసి పంపమన్నారు. దళారి ఒక కాయ తీసుకుని బండి బానెట్ మీద కత్తితో రెండు చేసి చూశాడు. తొనలు పిప్పిలా ఎండి, పొరల మీద తెల్లటి చుక్కలు. రెండు చెక్కలూ నా కాళ్ల దగ్గర పడేసి, బాటకు అటు వైపున్నవి మాత్రం కోయమన్నాడు. అవి ఆ పూటే లారీ ఎక్కాయి.

కొన్ని రోజులకు పాలకొల్లు ఆవిడ మళ్లీ గేటు దగ్గర కనబడింది. చేతిలో ఎర్ర వల సంచి.

"ఇయ్యేంటో చూశారా బాబాయ్‌గారూ? నారింజలండి. మామా బజార్లో కొన్నారు. ఓడెక్కి వచ్చినయ్యంట. తోట పెట్టుకుని కాయలు కొనుక్కోడం నేను పుట్టాక చూళ్లేదండి."

"నీళ్ల మాట నువ్వు ఇంకాస్త గట్టిగా చెప్పుండాల్సింది," అన్నాను.

"ఇంకెంత గట్టిగానండి, మేళం పెట్టి చెప్పాలా?" అంది. సంచిలోంచి ఒక కాయ తీసి నా చేతిలో పెట్టింది. అది తీయగా ఉంది. నాకు కోపం వచ్చింది.

తర్వాత జరిగింది మీరు ఊహించే ఉంటారు. సగం తోటకు ఇద్దరు పనివాళ్లు ఎందుకని కొడుకులు అన్నారు. ఎండిన సగం పీకేసి ఖర్జూరం పెట్టాలన్నారు. బాబా వాళ్లతో ఎంత వాదించాడో నాకు తెలియదు, లోపలి నుంచి మాటలు మాత్రం వినబడ్డాయి. చివరికి నన్ను పిలిచి, నువ్వుంటున్నావు, పడమటి చెట్లన్నీ పీకించాలి, అతనికి ఖురూజ్ అన్నాడు. నేను తల దించుకుని "షుక్రన్ బాబా" అన్నాను. నా అబద్ధం నన్ను నిలబెట్టింది, అతణ్ణి పంపించింది. ఇన్నాళ్లూ ఈ మాట ఎవరికీ చెప్పలేదు. మీకే మొదట చెబుతున్నాను.

తమ్ముడు పోయే రోజున నేను అతని పెట్టె కట్టించాను. పాత కంబళ్లు, బావమరిదికి సెంటు, పిల్లలకు టార్చిలైటు. తాడు బిగిస్తూ నేనేదో అనబోయాను.

"ముడి గట్టిగ ఎయ్యన్నా," అన్నాడు. "ఎయిర్‌పోర్ట్‌ల ఊడుతది."

"నా మీద కోపమా?"

"కోపమెందుకే? మెంతికూర మడికి నీళ్లు పెట్టు. నేను లేనని ఎండపెట్టకు."

బండి ఎక్కి కూర్చుని, కిటికీలోంచి ఒకసారి తూర్పు సగం వైపు చూశాడు. నా వైపు చూడలేదు. అది నాకు తగిన శిక్షే అనుకున్నాను.

ఆ తర్వాత పడమటి సగం చెట్లను పీకించాను. చెట్టుకు గొలుసు కట్టి ట్రాక్టరుతో లాగితే వేళ్లు తెగే చప్పుడు ఎముక విరిగినట్టుంటుంది. బాబా ఆ రోజుల్లో తోటలోకి రాలేదు. అవన్నీ చచ్చాయా అని అడిగితే, "కుల్లు మౌత్," అన్నీ చచ్చాయి అని నేనే చెప్పాను. ఒకటి రెండు చెట్ల బెరడు ఒలిచినప్పుడు లోపల పచ్చగా కనబడింది. తడి అనుకున్నాను. అలా అనుకుంటే పని త్వరగా అవుతుంది.

వసంతంలో తూర్పు సగం పూసింది. నా జన్మలో అంత పూత చూడలేదు. తేనెటీగలు చెవుల్లో దూరేంతగా వచ్చాయి. బాబా కుర్చీ తెప్పించుకుని బాట మీద కూర్చునేవాడు, పచ్చ వైపు తిరిగి. నేను ఖర్జూరం గుంతల వైపు నుంచి వచ్చి పలకరిస్తే తల ఊపేవాడు. అంతకు మించి మాట్లాడేవాడు కాదు. ఆయనకు తోట మీద బెంగ అనుకున్నాను.

మోకాళ్లు పట్టేసి నేను ఇంటికొచ్చేదాకా అక్కడే చేశాను. మీకు నేను చెప్పగలిగింది ఒకటే. మీరు పోయే చోటికి మీ విద్యను పట్టుకుపోండి, పోయినాక అక్కడి నేలను ఒక్క మాట అడగండి. నేను అడగలేదు. చెప్పిన వాళ్ల మాట వినలేదు. నా మూలంగా ఒక మంచి మనిషి రెండోసారి కూడా ఊరికే ఇంటికి పోయాడు. ఈ బరువు నేనొక్కణ్ణే మోశాను.

ఇంతవరకూ రాసి, పంపే ముందు నిన్న జగిత్యాలకు ఫోన్ చేశాను. తమ్ముడు ఇప్పుడు పసుపు వేస్తాడు. పొలం గట్టు మీద ఉన్నట్టున్నాడు, ఇంజను చప్పుడు వినిపిస్తోంది. రాసిందంతా చదివి వినిపించాను. చివరి బరువు మాట దగ్గర ఆగి, అతను ఏడుస్తాడేమోనని చూశాను.

"అయిపోయిందానే?" అన్నాడు.

"అయిపోయింది. నన్ను క్షమిస్తివో లేదో చెప్పు."

"టైర్ల ముచ్చట మంచిగ రాసినవ్. నీ అబద్ధంతోని నా నౌకరి పోయిందని రాసినవ్ చూడు, అది కొట్టెయ్."

"అది నిజమే కదబ్బా."

"ఏం నిజమన్నా? నీ మాట ఎవలు నమ్మిండ్రనుకున్నవ్? ఆ మెంతికూర దినాం తిన్నది బాబా ఇంటోళ్లే. అది ఎవలు పెట్టిన్రో, నీళ్లు ఎవలు పెట్టిన్రో ఆ ఇంట్ల చిన్న పిల్లలకు సుత ఎరుకే."

ఇంజను ఆపాడు కాబోలు, గొంతు దగ్గరగా వినిపించింది.

"బాబా ముందుగాల నన్నే పిలిచిండు. నువ్వుండు, ముసలాయనను పంపుత అన్నడు. ఉండాల్నంటే ఎండిన దిక్కు చెట్లన్ని నువ్వే పీకాలె అన్నడు. నేను గోటితోని బెరడు గీకి చూపిచ్చిన. లోపల పచ్చగుంది బాబా, ఎండలు ముదిరెదాంక ఆగు, చిగురేస్తది అన్న. ఆయనకు ఏడుపొచ్చింది. కొడుకులు ఆగరన్నడు. అట్లయితె నాతోని కాదు, టికెట్ తియ్యుమన్న."

"మరి నాకెందుకు చెప్పలేదబ్బా?"

"నువ్వడగలే గద. నిన్ను ఉంచుకున్నది నీ అబద్ధం నమ్మి కాదన్నా. సావని చెట్లను పీకుతనని ఒప్పుకున్నది నువ్వొక్కనివే."